1933 ఇయర్‌బుక్‌లో ఫోటోలు ఎందుకు లేవంటే

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఎందుకంటే దాదాపు ఇదే ప్రశ్న ఒకప్పుడు నన్ను రెండేళ్ళు తిప్పలు పెట్టింది. మీరు ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి పాత సామాన్లన్నీ అమ్మేసే చోట) రెండు డాలర్లు పెట్టి 1933 నాటి అమెరికన్ హైస్కూల్ ఇయర్‌బుక్ ఒకటి, అంటే ఆ ఏడు పాసయ్యే క్లాసు గుర్తుగా వేసే పుస్తకం, కొన్నారు. అట్ట మామూలు దళసరి కాగితం, బైండింగ్ బదులు ఊలు దారం, లోపల ఒక్క ఫోటో లేదు, అంతా టైప్ కొట్టిన అక్షరాలే. "క్లాస్ విల్లు" (వీలునామా) అని ఒక పేజీ, "క్లాస్ జోస్యం" అని నాలుగు పేజీలు, కొందరు అబ్బాయిల పేర్ల పక్కన పెన్సిల్‌తో "సి.సి.సి." అని రాసుంది. ఇది అసలు ఇయర్‌బుక్కేనా, పిల్లలెవరో సరదాకి చేసుకున్నదా, గ్రేట్ డిప్రెషన్‌లో, అంటే 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో, తిండికే కటకటలాడుతుంటే గ్రాడ్యుయేషన్ హడావుడి ఎలా చేశారు అని మీ అనుమానం. పుస్తకం ఎవరిదో కూడా తెలియడం లేదన్నారు.

అసలు సిసలు ఇయర్‌బుక్కే, పారేయకండి. నేను ఒహాయోలో ఒక చిన్న ఊరి పబ్లిక్ లైబ్రరీలో, పాత పేపర్లు, పాత ఇయర్‌బుక్కులు పెట్టే గదిలో 22 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా అల్మారాలో ఆ ఊరి హైస్కూల్ ఇయర్‌బుక్కులు వరసగా ఉండేవి. 1931 ఉంది, 1932 ఉంది, ఆ తర్వాత ఒక్కసారిగా 1936. మధ్యలోవి ఎవరో ఎత్తుకుపోయారనే నమ్మాను. ఊళ్ళో ముసలివాళ్ళని అడిగాను, పాత సామాన్ల షాపులు గాలించాను, పక్క ఊరి లైబ్రరీకి ఉత్తరాలు రాశాను. చివరికి 1934లో పాసైన ఒక పెద్దావిడ వాకర్ పట్టుకుని వచ్చి, నా గోల అంతా ఓపిగ్గా విని, "దొరకవు, వాటిని అచ్చే వేయలేదు, క్లాసులో డబ్బుంటేగా" అంది. మర్నాడు చేతిసంచీలోంచి మీ పుస్తకం లాంటిదే ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది. ఇరవై రెండు పేజీలు, అదే ఊలు దారం.

డిప్రెషన్ అనగానే పిల్లలంతా బడి మానేసి పనుల్లోకి పోయారనుకుంటాం. హైస్కూల్ విషయంలో జరిగింది దాదాపు దానికి తలకిందులు. పోదామంటే పనేది? 1933 నాటికి అమెరికాలో పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు, ఇంటాయన్నే పనిలోంచి తీసేసిన ఫ్యాక్టరీ పదహారేళ్ళ కుర్రాణ్ణి ఎందుకు పెట్టుకుంటుంది? పైగా ప్రెసిడెంట్‌గా రూజ్‌వెల్ట్ వచ్చాక 1933లో పరిశ్రమలకి పెట్టిన నిబంధనల్లో పదహారేళ్ళ లోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పనుల్లోంచి తప్పించారు. సుప్రీంకోర్టు 1935లో ఆ చట్టాన్ని కొట్టేసింది, మళ్ళీ 1938లో గట్టి చట్టం వచ్చేదాకా గ్యాప్ ఉంది, అది వేరే కథ. మొత్తానికి ఇంట్లో కూర్చోవడం కంటే బడి నయం, అక్కడైతే చలికాలంలో హీటర్ కూడా ఉంటుంది. 1930లో దేశం మొత్తమ్మీద పబ్లిక్ హైస్కూళ్ళలో దాదాపు 44 లక్షల మంది ఉంటే, 1940కి 66 లక్షలు. పదిహేడేళ్ళ వయసు పిల్లల్లో హైస్కూల్ పూర్తిచేసేవాళ్ళు 1930లో నూటికి 29 మంది, 1940లో సగం మంది.  అంచేత అమెరికాలో హైస్కూల్ గ్రాడ్యుయేషన్ అనేది డాక్టర్లు, లాయర్ల పిల్లల వ్యవహారం నుంచి మామూలు ఇళ్ళ పిల్లల పండగ అయింది సరిగ్గా చేతిలో చిల్లిగవ్వ లేని ఆ పదేళ్ళలోనే. మీ పుస్తకాన్ని ఈ సంగతి మనసులో పెట్టుకుని చదవండి. చాలా ఇళ్ళలో ఆ పిల్లో పిల్లాడో హైస్కూల్ దాటిన మొదటి మనిషి, అలాంటప్పుడు డబ్బు లేదని వేడుక మానేస్తారా? డబ్బు అయ్యేవి తగ్గించారు, డబ్బు కానివి పెంచారు.

ఇప్పుడు ఫోటోల సంగతి. ఇయర్‌బుక్‌లో అన్నిటికంటే ఖరీదు ఫోటోలే, ఒక్కో ఫోటోకి లోహపు బ్లాక్ చేయించాలి, దానికి తగ్గ నున్నటి కాగితం కొనాలి. ఆ ఖర్చంతా క్లాసు పిల్లల చందాలతోనూ ఊళ్ళో షాపుల ప్రకటనలతోనూ నడవాలి. షాపులే మూతపడుతుంటే ప్రకటనలు ఎవరిస్తారు? అందుకని చాలా బడులు ఒకట్రెండేళ్ళు ఇయర్‌బుక్కే మానేశాయి, కొన్ని స్కూల్ పేపర్‌లో ఒక సంచికని సీనియర్లకి కేటాయించి సరిపెట్టాయి, ఇంకొన్ని మిమియోగ్రాఫ్ మీద లాగించాయి. మిమియోగ్రాఫ్ అంటే కంగారు పడకండి, యాభై దాటినవాళ్ళకి తెలిసిన మన సైక్లోస్టైలే. పరీక్ష పేపర్లు, యూనియన్ కరపత్రాలు, చిన్న పత్రికలు మనకీ చాలాకాలం దాని మీదే వచ్చాయి కదా.

మైనం పూసిన పల్చటి స్టెన్సిల్ కాగితాన్ని టైప్‌రైటర్‌కి ఎక్కించి, రిబ్బన్ తగలకుండా చేసి, ఉత్త అచ్చులతో టకటకా కొడతారు. అక్షరం పడినచోట పూత చీలుతుంది. ఆ స్టెన్సిల్‌ని సిరా డ్రమ్ముకి చుట్టి హ్యాండిల్ తిప్పుతుంటే చీలికల్లోంచి సిరా దిగి కాగితం మీద అక్షరం పడుతుంది. మీ పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి, గుండ్రంగా ఉండే "ఓ" అక్షరాలు కొన్నిచోట్ల నిండు నల్లచుక్కల్లా కనబడతాయి. టైప్ చేసే పిల్ల మరీ గట్టిగా కొడితే ఆ గుండ్రటి ముక్క మొత్తం ఊడిపోతుంది, అందుకని. అలాంటి చుక్కలు ఒక పేజీలో ఎక్కువ, ఇంకో పేజీలో అసలు లేకపోతే ఇద్దరు వేరువేరు మనుషులు కొట్టారని అర్థం. ఎక్కువగా ఈ పని టైపింగ్ క్లాసు అమ్మాయిలది. బొమ్మలైతే స్టెన్సిల్ మీద మొనదేలిన పుల్లతో గీసేవారు, కాస్త గట్టిగా నొక్కితే కాగితం చిరిగి మొదటికొస్తుంది, అందుకే ఆ బొమ్మల్లో గీతలన్నీ భయపడుతూ గీసినట్టు ఉంటాయి.

ఫోటోలు లేవు కాబట్టి మాటలు పెరిగాయి. క్లాస్ విల్లు, క్లాస్ జోస్యం, క్లాస్ చరిత్ర డిప్రెషన్‌లో పుట్టినవి కావు, అంతకు ముందు నుంచే ఉన్నాయి, గ్రాడ్యుయేషన్‌కి ఒకట్రెండు రోజుల ముందు "క్లాస్ డే" అని పెట్టుకుని స్టేజీ మీద చదివేవారు. పైసా ఖర్చు లేని ఆచారాలు కాబట్టి డిప్రెషన్ రోజుల్లో బాగా పెరిగాయి. విల్లు అంటే వెళ్ళిపోయే సీనియర్లు తమ "ఆస్తులు" జూనియర్లకి రాసివ్వడం. ఫలానావాడు తన కితకితల నవ్వుని ఫలానా పిల్లకి, ఫలానా పిల్ల ఆల్జీబ్రా క్లాసులో తన నిద్రని తన తమ్ముడికి, బాస్కెట్‌బాల్ టీం తన పాత చెమట బనీన్లని కింది క్లాసు టీంకి. ఇవ్వడానికి ఏమీ లేనివాళ్ళు లాయర్ భాషలో ఆస్తి పంపకాలు చేయడంలో ఉన్న వెటకారం వాళ్ళకి తెలియకుండా ఉండదు, ఎందుకంటే అదే సమయంలో చాలామంది ఇళ్ళ మీదా పొలాల మీదా నిజం జప్తు నోటీసులు అంటించి ఉన్నాయి. "మా నాన్న తాకట్టు కాగితాన్ని ఎవరికైనా ఇస్తాను, తీసుకునేవాళ్ళు ఉంటే" అన్న ధోరణిలో రాసిన వాక్యం నేను ఒకదాంట్లో చూశాను.

జోస్యం ఇంకా మజాగా ఉంటుంది, మీ నాలుగు పేజీలూ నిదానంగా చదవండి. పదేళ్ళ తర్వాత ఎవరో ఒకరు విమానంలోనో చంద్రమండలంలోనో తిరుగుతూ పాత స్నేహితుల్ని వరసగా కలుస్తుంటారు, వాడు సర్కస్‌లో సింహాల దగ్గర, ఈ పిల్ల ప్యారిస్‌లో టోపీల దుకాణం, క్లాసులో నోరు విప్పని కుర్రాడు సెనేటర్. 1933 క్లాసు జోస్యం అంటే లెక్క ప్రకారం 1943. ఆ ఏడు ఆ అబ్బాయిలు నిజంగా ఎక్కడున్నారో చెప్పక్కర్లేదు, 1940 సెప్టెంబర్‌లోనే నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చేసింది. ఆ పెద్దావిడ తన క్లాసు జోస్యం నా ఎదుట పైకి చదువుతూ రెండు పేర్ల దగ్గర ఆగింది, చెప్పమని నేను అడగలేదు.

ఉంగరాల గురించి మీరు అడగలేదు కానీ తెలుగువాళ్ళం, బంగారం ఊసు లేకుండా ఎలా? క్లాస్ రింగ్ ఆచారం 1835లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో మొదలై మెల్లగా హైస్కూళ్ళ దాకా దిగింది, జోస్టెన్స్ లాంటి కంపెనీలు అప్పటికే బడి బడికీ ఏజెంట్లని తిప్పేవి. సరిగ్గా డిప్రెషన్ మధ్యలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933 ఏప్రిల్‌లో జనం దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు బ్యాంకుల్లో అప్పగించమంది (నగలు వదిలేసింది, అది మన అదృష్టం కాదు, వాళ్ళది), తర్వాత 1934 జనవరిలో ఔన్స్ ధర 20.67 డాలర్ల నుంచి ఒక్కసారిగా 35కి పెంచింది. ఇంట్లో జీతం సగమై, బంగారం ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగితే ఉంగరం ఎవరు కొంటారు? కొన్ని క్లాసులు వెండితో సరిపెట్టుకున్నాయి, కొన్ని ఉంగరం బదులు చిన్న పిన్ను తీసుకున్నాయి, కొన్ని ఓటింగ్ పెట్టి మానేశాయి. అలా మానేయడం వెనక కొనలేని ఇద్దరు ముగ్గురికి తలవంపు రాకూడదన్న మర్యాద కూడా కొంత ఉండేది.

బట్టల విషయంలో ఆ మర్యాదే బడులు రూల్‌గా పెట్టాయి. అమ్మాయిల గ్రాడ్యుయేషన్ గౌను ఇన్ని డాలర్లు దాటకూడదు, కుట్టుపని క్లాసులో సొంతంగా కుట్టుకోవాలి, సిల్కు వద్దు నూలే అని. పల్లెల్లో పిండి బస్తాలు, కోళ్ళ దాణా బస్తాల గుడ్డతో కుట్టినవాళ్ళూ బోలెడు. ఆ కంపెనీలు ఈ సంగతి కనిపెట్టి బస్తాలనే పువ్వుల డిజైన్లతో అమ్మడం మొదలుపెట్టాయి, ఒక గౌనుకి సరిపడా ఒకే డిజైన్ బస్తాలు దొరకాలని అమ్మలు షాపులో పై బస్తాలు దించి కింది బస్తాలు లాగించేవారట. కంపెనీ పేరు అచ్చు వదలడానికి మాత్రం గుడ్డని రాత్రంతా నానబెట్టి రుద్దాలి. బట్టల పైన వేసుకునే గౌను, టోపీ అద్దెకి తెచ్చే పద్ధతి ఆ కాలంలో గట్టిపడటానికి ఒక కారణం ఈ బస్తా గుడ్డలే. పైన నల్లదో బూడిదరంగుదో వేసుకుంటే లోపల ఏ బస్తా గుడ్డ ఉందో ఎవరికీ తెలీదు. ఇప్పుడు మన పిల్లలకి అదే గౌను, టోపీ ఎంతకి అంటగడుతున్నారో తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది, సరే వదిలేయండి.

ప్రామ్, అంటే హైస్కూల్ చివర్లో పెట్టే డాన్స్ పార్టీ, గురించి రెండు ముక్కలు. అప్పట్లో చాలా ఊళ్ళలో జరిగింది డాన్స్ కంటే ఎక్కువగా విందు, "జూనియర్-సీనియర్ బ్యాంక్వెట్". జూనియర్లు ఆతిథ్యం ఇస్తారు, జిమ్‌లోనో చర్చి నేలమాళిగలోనో రంగు కాగితాల తోరణాలు, అమ్మలు వండిన కోడికూర, ఒకరి తర్వాత ఒకరు లేచి ఉపన్యాసాలు. ఆ డబ్బు కోసం ఏడాదంతా నాటకాలు వేసి, బాస్కెట్‌బాల్ ఆటల దగ్గర పాప్‌కార్న్ అమ్మి, కేకులు అమ్మి పోగేసేవారు. పోగేసింది బ్యాంకులో వేసేవారు, చిక్కంతా అక్కడే. 1930 నుంచి 1933 లోపు దాదాపు తొమ్మిది వేల బ్యాంకులు మునిగాయి, 1933 మార్చిలో దేశం మొత్తం బ్యాంకులు వారం పాటు మూసేశారు. మీ పుస్తకం క్లాసుకి అది సరిగ్గా ఆఖరి సెమిస్టర్! మీ దాంట్లో క్లాస్ చరిత్ర పేజీ ఉంటే అందులో ట్రెజరర్ మీద జోకులున్నాయేమో చూడండి, ఉంటే ఇదే కారణం.

అసలు బడి జరగడమే గొప్ప అయిన చోట్లు ఉన్నాయని మాత్రం మర్చిపోవద్దు. పన్నులు వసూలు కాక అలబామా, అర్కాన్సా లాంటి రాష్ట్రాల్లో చాలా బడులు ఏడాది మధ్యలోనే మూసేశారు. షికాగోలో టీచర్లకి నెలల తరబడి జీతాల్లేవు, ఇచ్చినా నోట్ల బదులు షాపులవాళ్ళు పూర్తి ధరకి తీసుకోని కాగితాలు. 1933 ఏప్రిల్‌లో వాళ్ళు పెద్ద బ్యాంకుల మీదికి ఊరేగింపుగా వెళ్ళారు, మామూలుగా సుద్దముక్క పట్టుకుని నెమ్మదిగా మాట్లాడే మనుషులు! బకాయిలు 1934లో ఫెడరల్ అప్పు వచ్చాక గానీ తీరలేదు. మీ పుస్తకంలో టీచర్ల పేజీ చూడండి, ఆడవాళ్ళంతా "మిస్" అనే ఉంటారు. పెళ్ళయిన టీచర్ని తీసేయడం అప్పట్లో చాలా జిల్లాల్లో రూలు, ఒక ఇంటికి ఒక జీతం చాలన్న వాదనతో డిప్రెషన్‌లో దాన్ని ఇంకా బిగించారు.

దక్షిణాదిలో నల్లజాతి పిల్లల సంగతి ఇంకో లెక్క. చాలా కౌంటీల్లో వాళ్ళకి హైస్కూలే లేదు. జార్జియా రాష్ట్రపు పెద్ద నగరం అట్లాంటాలోనే వాళ్ళ మొదటి పబ్లిక్ హైస్కూల్, బుకర్ టి. వాషింగ్టన్ స్కూల్, తెరిచింది 1924లో. కాబట్టి "హైస్కూళ్ళు నిండాయి" అన్న నా మాటని దేశమంతా ఒకేలా వేసుకోకండి. రైలు పెట్టెలెక్కి ఊళ్ళు పట్టి తిరిగిన పిల్లలు కూడా లక్షల్లో ఉన్నారు, రెండున్నర లక్షలు అని ఒక అంచనా. అలాంటివాళ్ళ పేర్లు ఏ ఇయర్‌బుక్‌లోనూ కనబడవు.

చదువు మధ్యలో ఆగకుండా ఆదుకున్నది 1935 జూన్‌లో పెట్టిన ఎన్.వై.ఏ., అంటే నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్. లైబ్రరీలో పుస్తకాలు సర్దితే, ఆఫీసులో టైప్ చేస్తే, క్యాంటీన్‌లో గిన్నెలు తోమితే హైస్కూల్ పిల్లలకి నెలకి ఆరు డాలర్ల దాకా ఇచ్చేవారు. ఆరు డాలర్లు అంటే బూట్లు, బస్సు, మధ్యాహ్నం తిండి. (టెక్సస్‌లో దాని పగ్గాలు 26 ఏళ్ళకే అందుకున్నది లిండన్ జాన్సన్, తర్వాత ప్రెసిడెంట్ అయినాయనే, అంతకు ముందు హ్యూస్టన్‌లో హైస్కూల్ టీచర్.) అంతకు ముందు పాసైనవాళ్ళకి ఊళ్ళో మనుషులే దిక్కు. మిచిగన్ రాష్ట్రంలో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళోని సౌత్ హైస్కూల్‌లో 1931లో పాసైన జెరాల్డ్ ఫోర్డ్ బడికి ఎదురుగా ఉన్న హోటల్లో వారానికి రెండు డాలర్లకి, ఒక పూట తిండికి పనిచేసేవాడు. ఆ బడి ప్రిన్సిపాల్ స్కూల్ పుస్తకాల షాపు లాభాల్లోంచి వంద డాలర్లు తీసి స్కాలర్‌షిప్‌గా ఇస్తే మిచిగన్ యూనివర్సిటీకి వెళ్ళాడు. దీని పక్కన 1935లో చోట్ అనే డబ్బున్నవాళ్ళ బోర్డింగ్ స్కూల్లో "అందరికంటే పైకొచ్చేది వీడే" అని ఓట్లు వేయించుకున్న జాన్ కెనెడీని పెట్టి చూడండి. ఆ ఓట్లు స్నేహితుల్ని పోగేసి వేయించుకున్నవేనంటారు, ఆ విద్య తర్వాత బాగానే పనికొచ్చింది. ఇద్దరూ ప్రెసిడెంట్లే అయ్యారు, మీ పుస్తకంలో పిల్లలు మాత్రం నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఫోర్డ్ వైపువాళ్ళే.

అట్ట లోపల ఒక వాక్యం రాసుంటుంది చూడండి, అది క్లాస్ మోటో, అంటే క్లాసు నినాదం, దాని కింద క్లాస్ పువ్వు, క్లాస్ రంగులు ఉంటాయి. ఆ రోజుల్లో ఊరూరా తిరిగిన మోటోలు రెండు మూడే: "కొట్టుకుపోవడం లేదు, తెడ్డు వేస్తున్నాం" అని ఒకటి, "ఈ రాత్రి ఓడ వదులుతున్నాం, లంగరు ఎక్కడ వేస్తామో" అని ఇంకొకటి. రెండూ డిప్రెషన్‌కి ముందు నుంచి వాడుతున్నవే, అరిగిపోయినవే, కానీ మే నెల సాయంత్రం జిమ్‌లో మడత కుర్చీల మీద పనిలేని నాన్నలు కూర్చుని ఉండగా స్టేజీ వెనక కాగితపు అక్షరాల్లో అంటించి చూస్తే రెండోది కాస్త గుచ్చుకునే ఉంటుంది.

ఇక మీ పెన్సిల్ రాత. "సి.సి.సి." అంటే సివిలియన్ కన్సర్వేషన్ కోర్. 1933 ఏప్రిల్‌లో మొదలైంది, అంటే ఆ క్లాసు పరీక్షలు రాస్తుండగానే. పద్దెనిమిది నిండి, పెళ్ళికాక, పనిలేక ఉన్న కుర్రాళ్ళని అడవుల్లో క్యాంపులకి తీసుకెళ్ళి మొక్కలు నాటించడం, రోడ్లు వేయించడం, కాలవలు తవ్వించడం. నెలకి 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి వెళ్ళిపోతాయి, కుర్రాడి చేతికి ఐదు. జోస్యంలో సెనేటర్ అయిన కుర్రాడి పేరు పక్కన కూడా ఈ మూడు అక్షరాలే ఉంటే ఆశ్చర్యపోకండి. ఆ రాతలు గ్రాడ్యుయేషన్ నాటివి కావు, ఆ వేసవిలోనో తర్వాత శీతాకాలంలోనో ఎవరు ఎటు పోయారో తెలిసినప్పుడల్లా ఒక్కొక్కటి రాసుకున్నవి, పెన్సిల్ మొన ఒకచోట సన్నగా ఒకచోట లావుగా ఉంటుంది గమనించండి. మిగతా పేర్ల పక్కన కూడా చూడండి, పెళ్ళయిందనో, ఊరు మారిందనో ఏదో ఒకటి ఉంటుంది.

పుస్తకం ఎవరిదో తెలియడం లేదన్నారు కదా. అన్ని పేర్ల పక్కనా ఏదో ఒకటి రాసి ఒక్క పేరు పక్కన ఖాళీగా ఉంటే ఆ పేరు పట్టుకోండి, తన పేరు పక్కన తాను ఎవరూ రాసుకోరు. ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెడితే కౌంటీ రికార్డుల్లో ఎలా వెతకాలో చెబుతాను.